శస్త్రవైద్యాచార్యుడు జాన్ హంటరు

శస్త్రవైద్యమును కేవలము చేతిపనిగా నెంచుచుండిన కాలమున, దానిని పరిశీలనపై నిలిచిన శాస్త్రముగా తీర్చిన మహనీయుడు జాన్ హంటరు. ఇతడు 1728వ సంవత్సరమున స్కాట్లండు దేశమునందలి లాంగ్ కాల్డర్‌వుడ్ అనుచోట, పదిమంది సంతానములో కడగొట్టుబిడ్డగా జన్మించెను. బడిచదువుపై మనసు నిలువక, పక్షులను, పురుగులను పరికించుచు బాల్యము గడపెను. 1748లో లండను నగరము చేరి, అచట శరీరనిర్మాణశాస్త్ర పాఠశాల నడుపుచుండిన అన్న విలియము కడ శవచ్ఛేదనమున అసాధారణమగు నేర్పు గడించెను.

1761లో సేనావైద్యుడుగా యుద్ధభూమికి పోయెను. తుపాకిగాయములను కోసి వెడల్పు చేయుట ఆనాటి ఆచారము. కోయక విడిచిన గాయములే పెక్కుసారులు చక్కగా మానుటను ఇతడు కన్నులార చూచి, ఆ ఆచారమును నిరసించెను. 1785లో, మోకాలి వెనుక ధమని ఉబ్బి బాధపడుచుండిన ఒక బండివానికి, తొడయందే ఆ ధమనిని బిగించి కట్టి, కాలు తీసివేయవలసిన అవసరము లేకుండ జేసెను. మశూచికమునకు టీకా పద్ధతిని ప్రచారమునకు తెచ్చిన ఎడ్వర్డు జెన్నరు ఇతని శిష్యుడే.

హంటరు తన ఆర్జనమును ప్రదర్శనశాలకే ధారవోసెను. 1783లో లీస్టరు చౌకమున ఇల్లుకొని, సుమారు 14,000 వస్తువులను సమకూర్చెను. మనుష్యదంతమును నాటిన కోడిపుంజు తల అందొకటి. ప్రాణముగల అవయవము పరస్థానమున అతుకునా యను ప్రశ్నకు అతడు చేసిన పరీక్ష అది.

వానిలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది చార్లెసు బర్ను అను ఐర్లండు యువకుని అస్థిపంజరము. దాని పొడవు సుమారు 7 అడుగుల 7 అంగుళములు. తన ఎత్తును చూపి జీవించిన ఆ యువకుడు, మరణించినపిదప వైద్యుల చేతబడుదునని భయపడి, తన దేహమును సముద్రమున నిక్షేపింప గోరెను. 1783లో 22 ఏండ్ల ప్రాయమున అతడు మరణింపగా, హంటరు ధనమిచ్చి ఆ దేహమును సంపాదించెను.

1793 అక్టోబరు 16వ తేదీన ఆసుపత్రి సభలో వాగ్వాదము జరుగుచుండగా హంటరు గుండెజబ్బుతో మరణించెను. కుటుంబమునకు ఋణములు మిగిలెను. 1799లో బ్రిటిషు ప్రభుత్వము ఆ సేకరణమును 15,000 పౌనులకు కొని శస్త్రవైద్యుల సంఘమునకు అప్పగించెను. 1941లో బాంబులు పడి చాలభాగము నశింపగా, సుమారు 3,500 వస్తువులు మిగిలెను. బర్ను ఎముకలును మిగిలెను.

ఆ ఎముకలవలన శాస్త్రమునకు మేలు కలుగకపోలేదు. 1909లో ఆ కపాలమును తెరచి చూడగా, మెదడు అడుగున నుండు పీయూషగ్రంథి స్థానము మిక్కిలి పెరిగియుండెను. అతని ఎత్తునకు కారణము అట్లు తేటపడెను. అయినను ఆ జ్ఞానము అతని అంగీకారముతో లభించినది కాదు. 2023లో ప్రదర్శనశాలను మరల తెరచినప్పుడు ఆ అస్థిపంజరమును ప్రదర్శనమునుండి తొలగించి, పరిశోధనకై మాత్రము ఉంచుటకు నిశ్చయించిరి.

హంటరు ఎన్నో ప్రాణములను నిలుపు విద్యను లోకమున కిచ్చెను. బర్ను కోరినది తన దేహమును సముద్రమున విడుచుట యొక్కటే. జనుల కన్నులనుండి అతని ఎముకలకు విముక్తి కలుగుటకే 240 సంవత్సరములు పట్టెను.