సోగో షింజి

జపాను దేశమున కొండలు మెండు, సమతల భూమి స్వల్పము. 1872వ సంవత్సరమున అచ్చట తొలి రైలుమార్గము వేసినప్పుడు, రెండు పట్టాల నడుమ 1,067 మిల్లీమీటర్ల యెడము మాత్రమే యుంచిరి. అట్టి ఇరుకు దారిపై బండ్లు మిక్కిలి వేగముగా పోజాలవు. ఈ కొరతను తీర్చుటకు పూనుకొని, కొండల నడుమ అతివేగముగల రైలుకు బాట వేయించిన కార్యదీక్షాపరుడు సోగో షింజి.

ఆయన 1884లో షికోకు ద్వీపమున జన్మించెను. టోక్యోలో న్యాయశాస్త్రము చదివి, 1909లో రైల్వే కొలువున ప్రవేశించెను. అప్పటి రైల్వే అధిపతి గోతో షింపేయి పట్టాల యెడమును పెంచవలెనని తలచిన దూరదర్శి. ఆ తలంపు నాడు నెరవేరలేదు. కాని యువకుడైన సోగో మనస్సున నాటుకొనెను.

1955లో సోగో జాతీయ రైల్వేలకు అధ్యక్షుడయ్యెను. అప్పటికాయనకు 71 ఏండ్లు. మోటారుకార్లును విమానములును పెరుగుచున్న కాలమున రైళ్లపై ధనము వెచ్చించుట వ్యర్థమని పలువురు వాదించిరి. సోగో వెనుదీయలేదు. కొలువు విడిచిపోయిన షిమా హిడియో అను ఇంజనీరును ఒప్పించి మరల రప్పించెను.

1959 ఏప్రిల్‌లో పని ఆరంభమయ్యెను. పట్టాల యెడము 1,435 మిల్లీమీటర్లు. యుద్ధకాలమున మొదలై నిలిచిపోయిన కొత్త తన్నా సొరంగమును మరల తొలిచి, కొండలో దాదాపు 8 కిలోమీటర్ల దారి చేసిరి. రోడ్లు పట్టాలను దాటు గేట్లు ఎచ్చటను లేకుండ వంతెనలు కట్టిరి. 1961లో ప్రపంచబ్యాంకు 8 కోట్ల డాలర్లు అప్పిచ్చెను.

అయినను వ్యయము తొలి అంచనాకు దాదాపు రెట్టింపయ్యెను. అసలు మొత్తము తెలిపినచో అనుమతి దొరకదని సోగో ముందుగా తక్కువ చూపెనని చెప్పుదురు. ఆ భారము ఆయనపైననే పడెను. 1963 మే నెలలో ఆయన పదవి వీడెను. షిమాయు ఆయన ననుసరించెను.

1964 అక్టోబరు 1న టోక్యో, ఒసాకాల నడుమ 515 కిలోమీటర్ల మార్గమున కొత్త రైలు పరుగిడెను. ఆరున్నర గంటల ప్రయాణము నాలుగు గంటలకు తగ్గెను. ఆ ఉత్సవమున సోగో లేడు. ఇంట టెలివిజనులో దానిని చూచెనందురు.

1973లో టోక్యో స్టేషనున ఆయన స్మారకచిహ్నమును నెలకొల్పిరి. 1981లో ఆయన కన్నుమూసెను. ఆ మార్గమున రైళ్లు ఢీకొనిగాని పట్టాలు తప్పిగాని నేటివరకు ఒక్క ప్రయాణికుడైనను మరణింపలేదు. పదవి పోయినను, తలపెట్టిన పని నిలిచినది. కార్యసాధకునకు అంతకు మించిన సన్మానము వేరొండు లేదు.