నిత్యవిద్యార్థి గిడుగు రామమూర్తి పంతులు

ఆగస్టు 29వ తేదీ వచ్చినప్పుడెల్ల మనము గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పటమునకు పూలమాల వేసి, వ్యావహారిక భాషోద్యమమును గూర్చి నాలుగు మాటలు చెప్పి, ఇండ్లకు మరలుదుము. ఉద్యమము గొప్పదే. కాని అది ఆయన చదువను మహావృక్షమున కాచిన ఫలములలో నొకటి మాత్రమే. వృక్షమును చూచినవారు తక్కువ.

పంతులుగారు 1863లో శ్రీకాకుళ ప్రాంతమున పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. విజయనగర మహారాజావారి పాఠశాలలో గురజాడ అప్పారావుగారికి సహాధ్యాయులై, 1879లో మెట్రిక్యులేషన్ ముగించి, మరుసటి యేడే నాటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో, రాజావారి బడియందు ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులైరి. పగలు పాఠములు చెప్పుచు, ఇంటివద్ద స్వయముగా చదువుకొని ఎఫ్.ఏ., పిమ్మట బి.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులైరి. ఇంతవరకు ఇట్టి కథలు మన జిల్లాలలో మరికొన్ని యుండవచ్చును. ఏ పరీక్షకును అక్కరకురాని చదువును ఆయన పెంచుకొన్న తీరే వేరు.

వంశధార యొడ్డున ముఖలింగ దేవాలయము కలదు. దాని శిలలపై శాసనము లున్నవి. దర్శనమునకు వచ్చు భక్తులకు ఆ యక్షరములు గీతలే. పంతులుగారు ప్రాచీన లిపులను బోధించు గ్రంథములను తెప్పించుకొని, గురువు లేకయే నేర్చి, వానిని చదివిరి. గాంగరాజుల రాజధానియగు కళింగనగరము నేటి కళింగపట్నమేయని కొందరు విద్వాంసులు తలచుచుండగా, అది ముఖలింగమని ఆధారములతో వాదించిరి. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనమును పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించిరి. భుక్తికి లోటులేక, మధ్యాహ్నము లెట్లు గడుపుదుమా యని విచారించు గృహస్థులు మన సీమలో ఎందరో కలరు. వారి యూరి గుడి స్తంభములపై అక్షరములు సున్నముక్రింద మరుగుపడుచుండగా, ముప్పది రూపాయల బడిపంతులు పొరుగూరి రాళ్లను చదివెను!

రాళ్లతో ఆయన తృప్తిపడలేదు. సమీపమున కొండలలో సవరలు నివసింతురు. వారి భాష ముండా కుటుంబమునకు చెందినది. తెలుగుతోగాని ఒడ్డెభాషతోగాని దానికి చుట్టరికము లేదు. లిపి లేదు, వ్యాకరణము లేదు, నేర్పు పంతులు లేడు. తెలుగు, సవర రెండును ఎరిగిన యొకనిని ఇంట నుంచుకొని మాటమాటగా అభ్యసించిరి. సవర పిల్లలకు బడులు పెట్టి, వ్యయము తామే భరించిరి. ఆ బడులకు వాచకములును వ్రాసిరి. దొరతనమువారు రావుసాహేబు బిరుద మిచ్చిరి. మన దృష్టిలో ఆ వాచకములే గొప్ప బిరుదము. కొండలలో తిరుగుటవలన మన్యపు జ్వరములు పట్టుకొనెను. మిక్కుటముగా సేవించిన క్వినైనువలన వినికిడి చెడెను. చెవితో విద్య సంపాదించినవానికి చెవియే పోవుట ఎంతటి కష్టము! అయినను పని ఆగలేదు.

1907 తరువాత తెలుగు వచనమును గూర్చి సాగించిన వాదమును ఈ మార్గముననే చూడవలెను. సవర నోట భాషను విన్నవారు తెలుగువాని నోట భాషను వినకుందురా? పండితులను పూర్వగ్రంథముల తోడనే, శాసనముల తోడనే ఎదుర్కొనిరి. పూర్వుల వాడుకవచనమును వెదకి గద్యచింతామణిగా కూర్చిరి. ఆయన జీవితాంతము ప్రతిఘటించిన శైలిలోనే ఈ పంక్తులు నడచుచున్నవి. చూచిన ఆయన నవ్వియుందురు. పిమ్మట తప్పులను ఎత్తిచూపియుందురు.

1931లో చెన్నపురి ప్రభుత్వము ఆయన సవర వ్యాకరణమును ప్రకటించెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, అరువది యేండ్ల పరిచయముగల... కాదు, ఏబదియారేండ్లు కాపురమున్న యూరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. నిఘంటువుపని వెంటవచ్చెను. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చుపడునాటికి ఆయనకు డెబ్బదియైదేండ్లు. 1940 జనవరి 22న పరమపదించిరి.