కాంగ్రా లోయలో అయోడిన్ జాడ పట్టిన సిక్కోలు డాక్టర్

గొంతు దగ్గర గడ్డ. హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో 1950ల నాటికి ఇది ఇంటింటి సమస్య. ప్రతి వందమందిలో దాదాపు 38 మందికి గాయిటర్. అయోడిన్ లోపమా, నీళ్లలోనో తిండిలోనో ఉన్న మరేదైనా పదార్థమా? ఈ చిక్కుముడి విప్పడంలో ముందు నిలిచిన వైద్యుడు తెలుగువాడు, వులిమిరి రామలింగస్వామి.

1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో 1944లో ఎంబీబీఎస్ పూర్తి చేసి, ఆక్స్‌ఫర్డ్‌లో డీఫిల్ చేశారు. కూనూరు పోషకాహార పరిశోధనశాలలో పనిచేశాక, 1957లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పాథాలజీ ప్రొఫెసర్‌గా చేరారు.

గాయిటర్ కారణాన్ని తేల్చడానికి ఆయన బృందం వాడిన ఆయుధాల్లో ఒకటి రేడియోధార్మిక అయోడిన్. దాన్ని చాలా స్వల్ప మోతాదులో ఇచ్చి, థైరాయిడ్ ఎంత పీల్చుకుందో బయటి నుంచే పరికరంతో లెక్కిస్తారు. ఆకలితో ఉన్న గ్రంథి ఎక్కువ పీల్చుకుంటుంది. కొండ జనం థైరాయిడ్లు సరిగ్గా అలాగే పీల్చుకున్నాయి. మూత్రంలో మాత్రం అయోడిన్ అతి తక్కువ. అసలు కారణం అయోడిన్ లోపమేనని 1961లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు.

మరి మందు? లోయను మూడు మండలాలుగా విడదీసి, లక్షకు పైగా జనంపై 1956లోనే ప్రయోగం మొదలైంది. రెండు మండలాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు. ఐదారేళ్లకు మొదటి రెండింటిలో గాయిటర్ సగానికి, అంతకన్నా తక్కువకు పడిపోయింది. మామూలు ఉప్పు తిన్నవాళ్లలో మార్పు లేదు. రుజువు కోసం ఒక మండలం ప్రజలు అన్నేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. ఫలితం తేలాక వారికీ అయోడిన్ ఉప్పు అందింది, అక్కడా గడ్డలు తగ్గాయి. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

1969 నుంచి 1979 వరకు ఎయిమ్స్ డైరెక్టర్‌గా, ఆ తర్వాత 1986 వరకు ఐసీఎంఆర్ అధిపతిగా ఉన్నారు. దేశంలో క్యాన్సర్ కేసుల లెక్క తీసే జాతీయ రిజిస్ట్రీ 1981 చివర్లో ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో మొదలైంది ఆయన హయాంలోనే. 1986లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1994లో సూరత్ ప్లేగుపై నిపుణుల కమిటీకి నేతృత్వం వహించారు.

ఆయన పనికి ఊతమైన అయోడిన్ ఐసోటోపుల దారి మరో వైపుకూ సాగింది. 1978లో అమెరికాలో డేవిడ్ గోల్డెన్‌బర్గ్ బృందం యాంటీబాడీలకు రేడియో అయోడిన్ తగిలించి రోగుల్లోకి ఎక్కించింది. క్యాన్సర్ కణాలు విడుదల చేసే ప్రొటీన్‌ను వెతుక్కుంటూ వెళ్లిన ఆ యాంటీబాడీలు, కణితి ఎక్కడుందో స్కాన్‌లో చూపించాయి. పద్ధతి వేరైనా సూత్రం ఒకటే: శరీరంలోకి ఒక గుర్తును పంపి, అది ఎక్కడికి చేరిందో బయట నుంచి చూడటం.

అయోడిన్ లేని ఉప్పు అమ్మకంపై దేశవ్యాప్తంగా ఉన్న నిషేధాన్ని కేంద్రం 2000లో ఎత్తేసింది. 2001 మే 28న రామలింగస్వామి కన్నుమూసే నాటికి అది తిరిగి రాలేదు. 2006లో మళ్లీ అమల్లోకి వచ్చింది. కాంగ్రా లోయ దశాబ్దాల కిందట చెప్పిన పాఠాన్ని ఢిల్లీ రెండోసారి నేర్చుకోవాల్సి వచ్చింది.