అలగానిపాడు సుందరయ్య, బడి వంటమ్మ, సంఘం రసీదు

సంఘంలో చేరితే మనకేం వస్తాది? బడిలో అన్నం వండే వొదినను అడగండి, మరుగుదొడ్లు కడిగే ఆయాను అడగండి, ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే అన్నను అడగండి. చానా మంది జవాబు చెప్పరు, ఈ ప్రశ్నే మనల్ని తిరిగి అడుగుతారు. ఏడాదికి చందా కట్టాల, మీటింగులకు పోవాల, పైవాళ్ల కంట్లో పడాల. గమ్మున ఉంటే పోలా అంటారు.

దీనికి జవాబు మన నెల్లూరు కోస్తాలోనే, ఒక మనిషి బతుకులో ఉండాది. ఆయన బడిలో పనిచేసినోడు గాదు. కూలోడు అసలే గాదు. భూస్వామి ఇంటి బిడ్డ. పేరు పుచ్చలపల్లి సుందరయ్య.

1913 మే 1న అలగానిపాడులో పుట్టినారు. ఇప్పుడది విడవలూరు మండలం. పెన్నకు ఉత్తరాన వరి కయ్యలు, ఇంకాస్త తూర్పుకు పోతే సముద్రం. ఇంట్లో పెట్టిన పేరు వెంకట సుందరరామిరెడ్డి. పేరు చివర కులాన్ని పెద్దయినాక ఆయనే తీసేసుకున్నారు. ఆరేళ్ల వయసులో నాయన చనిపోయినాడు. అక్కాబావల దగ్గర ఉండి తిరువళ్లూరు, ఏలూరు, రాజమండ్రి, మద్రాసు ఊళ్లల్లో చదువుకున్నారు. మద్రాసు లయోలా కాలేజీలో చేరినారు. ఆ కాలంలో మన పల్లెల నుంచి లయోలాకు పోయిన పిల్లోడంటే దొరబాబు కిందే లెక్క. వకీలో, కలెక్టరాఫీసులో పెద్ద ఉద్యోగమో ఎదురుచూస్తా ఉంటది.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. పదిహేడేళ్ల వయసు. కాలేజీ వదిలేసి పోయినారు, జైలుకు పోయినారు. చిన్నోడని బోర్‌స్టల్ స్కూల్లో పెట్టినారు. బయటికొచ్చినాక కథంతా మళ్లీ అలగానిపాడు దావ పట్టింది.

అప్పటి మాగాణి ఊళ్లు ఎట్టా ఉండేవో మీ అవ్వాతాతల్ని అడగండి. కూలి అంటే రూపాయలు గాదు, వడ్లు. కొలిచేది పెద్ద రైతు, కొలిచే కుంచం కూడా ఆయన ఇంటిదే. అవసరానికి అప్పు తీసుకున్నోడు పాలేరుగా చేరితే ఆ అప్పు తీరేది గాదు. నాయన పాలేరయితే కొడుకు ఆ ఇంట్లోనే గొడ్ల కాడికి పోయేవాడు. బడి ఊసే లేదు. ఇంక దళితులయితే ఊరి బావి దగ్గరికే పోయేదానికి లేదు.

సుందరయ్య మొదట అందరూ చేసే మంచి పనులే చేసినారు. రాత్రిబడి పెట్టి చదువు చెప్పినారు. కూలోళ్లకు తక్కువ ధరకు సరుకులమ్మే అంగడి పెట్టించినారు. దళితవాడలో తిరిగినారు, వాళ్లతో కలిసి కూర్చుని తిన్నారు. పెద్దింటి బిడ్డ ఇట్టా తిరగతా ఉంటే ఊరు మెచ్చుకునేదే, అక్కడితో ఆగి ఉంటే. ధర్మం చేసే దొరను ఎవురూ కాదనరు. పైగా దండం పెడతారు.

ఆయన ఆగలేదు. వ్యవసాయ కూలీలను కూడగట్టి సంఘం పెట్టినారు. అప్పుడు తిరగబడింది ఎవురు? సొంత బంధువులు, సొంత వర్గం. ఈ తేడా మనం బాగా చూడాల. అన్నం పెడితే తప్పుగాదు. కూలి ఎంతో మేము చెప్తామని కూలోళ్లు జతగా వచ్చి నిలబడితే మాత్రం తప్పయిపోయింది. ఎందుకంటే ధర్మం చేసినోడు రేపు మానుకోవచ్చు, మానినా అడిగే దిక్కుండదు. పదిమంది కూర్చుని ఒప్పుకున్న కూలి రేటు అట్టా గాదు. దొర మంచోడయినా చెడ్డోడయినా అది ఇయ్యాల్సిందే.

సుందరయ్య తర్వాతి బతుకంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరిగింది. కమ్యూనిస్టు పార్టీలో చేరి, దక్షిణాదిలో దాన్ని కట్టే పని నెత్తికెత్తుకున్నారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు దాని సంయుక్త కార్యదర్శుల్లో ఆయనొకరు. తన వాటా ఆస్తి ఉద్యమానికి ఇచ్చేసినారు. 1943లో లీలమ్మను పెళ్లి చేసుకున్నారు. పిల్లలుంటే పనికి అడ్డమని ఇద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ సాయుధ పోరాటానికి ముందుండి నడిపిన వాళ్లలో ఆయన ముఖ్యులు. అక్కడ కూడా గొడవ మొదలయింది ఇట్టాంటి దాంతోనే. వెట్టి. కూలి లేకుండా చేసే చాకిరీ.

1952లో రాజ్యసభకు పోయినారు. ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు తొక్కతా పోయేవారు. 1955లో కృష్ణా జిల్లా గన్నవరం నుంచి అసెంబ్లీకి గెలిచినారు, తర్వాత కూడా అక్కడ గెలిచినారు. 1964లో పార్టీ చీలినాక సీపీఎంకు మొదటి ప్రధాన కార్యదర్శి. పార్టీ దావతో పొత్తు కుదరనప్పుడు అంత పెద్ద పదవినీ వదులుకున్నారు. 1985 మే 19న చనిపోయినారు.

ఆయన దగ్గర ఇంకో గుణం ఉండేది. లెక్క. ఏ మీటింగుకు పోయినా ఎకరాలెంత, నీళ్లెంత, కూలెంత అని తేల్చి మాట్లాడేవారు. 1974లో, అరవై దాటిన వయసులో, గుంటూరు జిల్లా అనంతవరంలో ఇంటింటి సర్వే చేయించి, ఎవురికెంత భూమి, ఎవురికెంత కూలి అని లెక్కలు తీసినారు. ఆయన దృష్టిలో సంఘమంటే ఉత్త నినాదం గాదు. ముందు లెక్క తెలియాల, ఆ లెక్కను అందరూ కలిసి అడగాల.

ఇప్పుడు మన బడికి వద్దాం. లెక్క మనమే వేద్దాం.

మన రాష్ట్రంలో బడి భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టినారు. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినోళ్లకు లేదనకుండా అన్నం పెట్టిన మహాతల్లి. ఆ పేరు పెట్టడం మంచిదే. అయితే సీతమ్మ గారు చేసింది అన్నదానం. బడిలో వంటమ్మ చేసేది దానం గాదు, పని. పొయ్యి ముందు నిలబడి, బియ్యం మూటలు మోసి, వందల పళ్లేలకు వడ్డించి, చివరికి గిన్నెలు తోమి ఇంటికి పోయే పని. దానికిచ్చే దుడ్డును జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2009 నుంచి కేంద్రం లెక్క నెలకు వెయ్యి రూపాయలు, అది కూడా ఏడాదికి పది నెలలే. మన రాష్ట్రంలో 2019లో దాన్ని 3 వేలు చేసినారు. నెలకు పాతిక దినాలు అనుకుంటే దినానికి 120 రూపాయలు. ఉపాధి హామీ పనికి మన రాష్ట్రంలో దినానికి 300 దాటింది. ఇదీ గౌరవం ఖరీదు.

అలగానిపాడు కుంచం గుర్తొస్తా ఉండాదా? కొలిచేది వాళ్లే, కొలతకు పేరు పెట్టేదీ వాళ్లే.

2013లో ఢిల్లీలో 45వ భారత కార్మిక మహాసభ జరిగింది. సర్కారు, యజమానులు, కార్మిక సంఘాలు ముగ్గురూ కూర్చునే సభ అది. పథకాల్లో పనిచేసేవాళ్లను కార్మికులుగా గుర్తించాలని, కనీస వేతనం ఇయ్యాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు దానంతటది నడిచి మన ఊరికి రాలేదు, రాదు. 2023 డిసెంబరులో మన రాష్ట్రం అంగన్‌వాడీ అక్కలు 42 దినాలు సమ్మె చేసినారు. ఎస్మా పెట్టినా బెదరలేదు. ఒక్క సెంటరు ఆయా ఒంటరిగా తలుపుకు తాళమేసి కూర్చుంటే ఎన్ని దినాలు నిలబడి ఉండేది? మరుసటి దినమే ఆమె జాగాలో ఇంకొకరు ఉండేవాళ్లు.

ప్రైవేటు స్కూలు అన్నా, ఇది నీ కోసం. టీచర్లకు గ్రాట్యుటీ రాదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు నడిపింది అహ్మదాబాదులో ప్రైవేటు ప్రాథమిక టీచర్ల సంఘం. ఓడిపోయింది. అయినా ఆ ఓటమి ఊరికే పోలేదు. 2009లో పార్లమెంటు చట్టాన్నే మార్చింది, 1997 ఏప్రిల్ 3 నుంచి లెక్కగట్టి టీచర్లకూ గ్రాట్యుటీ ఇయ్యాలంది. స్కూళ్ల యాజమాన్యాలు కోర్టుకు పోతే 2022లో సుప్రీంకోర్టు చట్టం సరైందేనని తేల్చింది. పదిమంది, అంతకు పైన పనిచేసే స్కూల్లో అయిదేళ్లు నిండినోళ్లకు ఇది హక్కు. ఆ సంఘానికి చందా కట్టిన అహ్మదాబాదు అయ్యవారు ఎవురో మనకు తెలియదు. ఆయన కట్టిన చందాలో మన వాటా ఉండాది.

సంఘాలన్నీ బంగారమని ఎవురూ అనడంలేదు. ఆఫీసర్ల పక్కన ఫోటోలు దిగే నాయకులుంటారు. అయ్యవార్ల బదిలీలు, పీఆర్సీలు తప్ప బడిలో ఆయా, వంటమ్మ, నైట్ వాచ్‌మన్ కనపడని సంఘాలూ ఉంటాయి. దానికి మందు బయట నిలబడి తిట్టడం గాదు. లోపలికి పోయి లెక్క అడగడం. చందా ఏమయింది, మా జీతం సంగతి ఎందుకు ఎత్తలేదు అని అడిగే అధికారం సభ్యుడికే ఉంటది. శాసన మండలిలో ఉపాధ్యాయులకు అయిదు సీట్లుండాయి, వాళ్ల మాట అక్కడ దాకా పోతాది. వంటమ్మకు ఆ సీటు లేదు. గాబట్టి సంఘం ఆమెకే ఎక్కువ అవసరం.

చట్టం కూడా అడ్డం లేదు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉండాది. రిజిస్టరు చేసుకోవాలంటే కనీసం ఏడుగురు కావాలని 1926 చట్టం నుంచి చెప్తా ఉండారు. మండలంలో ఏడుగురు వంటమ్మలు దొరకరా?

తమ్ముడూ, చెల్లే, మీ అమ్మో పిన్నమ్మో బడిలో పనిచేస్తా ఉంటే ఈ రాత్రి ఒక పని చేయండి. ఎన్ని దినాలు పోయింది, ఎంత పడింది, ఏ నెలది రాలేదు అని ఒక కాగితం మీద రాసి ఇయ్యండి. పక్క బడి వంటమ్మ దగ్గర కూడా అట్టాంటి కాగితమే ఉంటే, ఆ రెండూ పక్కపక్కన పెట్టిన కాడ సంఘం మొదలయినట్టే.