జేమ్స్ ప్రెస్కాట్ జౌల్: వేడికీ పనికీ మారకపు లెక్క కట్టిన బీరు వ్యాపారి

విద్యుత్ బిల్లులో కనిపించే ఒక్క యూనిట్ 36 లక్షల జౌళ్లకు సమానం. బావిలోంచి నీరు తోడే మోటారు చేసిన పనినీ, పొయ్యి మీద కాగే ఎసరు పీల్చుకున్న వేడినీ, తీగలో ప్రవహించే విద్యుత్తు ఖర్చునూ ప్రపంచమంతా నేడు ఈ ఒక్క ప్రమాణంతోనే కొలుస్తోంది. రెండు శతాబ్దాల క్రితం ఇలా కొలవవచ్చునన్న ఆలోచనే లేదు. పనికి ఒక లెక్క, వేడికి మరో లెక్క, విద్యుత్తుకు ఇంకో లెక్క ఉండేవి. అవన్నీ ఒకటేనని తూకపు రాళ్లతో, ఉష్ణమాపకంతో నిరూపించిన వ్యక్తి విశ్వవిద్యాలయంలో చదువుకోలేదు. ఏ విద్యాసంస్థలోనూ ఉద్యోగం చేయలేదు. ఆయన కుటుంబ వృత్తి బీరు తయారీ.

డాల్టన్ శిష్యుడు

జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1818 డిసెంబర్ 24న ఇంగ్లాండ్‌లో మాంచెస్టర్‌ను ఆనుకుని ఉన్న సాల్ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి బెంజమిన్ సంపన్నుడైన బీరు తయారీదారు. చిన్నతనంలో వెన్నెముక సమస్యతో బాధపడిన జేమ్స్ నలుగురిలో కలవని బిడియస్తుడిగా పెరిగారు. ఆయన చదువు ఇంటివద్దే సాగింది. అయితే దొరికిన గురువు సామాన్యుడు కాదు. పరమాణు సిద్ధాంతానికి ఆద్యుడైన జాన్ డాల్టన్ జేమ్స్‌కూ ఆయన అన్నకూ గణితం, ప్రకృతి శాస్త్రం బోధించారు. 1837లో డాల్టన్‌కు పక్షవాతం రావడంతో ఆ పాఠాలు ఆగిపోయాయి. కానీ, ఏ విషయాన్నైనా కొలిచి చూడాలన్న పట్టుదల శిష్యుడిలో అప్పటికే నాటుకుంది.

నాటి మాంచెస్టర్ నూలు మిల్లుల నగరం. ఆవిరి యంత్రాలు బొగ్గును మింగుతూ ఆ మిల్లులను నడిపేవి. విద్యుత్ మోటారు అప్పుడే పుట్టిన వింత. బ్యాటరీతో నడిచే మోటారు ఆవిరి యంత్రాన్ని తరిమేస్తుందని ఔత్సాహికులు ఎందరో నమ్మారు. యువకుడైన జౌల్ కూడా అదే ఆశతో బయలుదేరి 1838లో తొలి వ్యాసం ప్రచురించారు. అయితే ఆయన వ్యాపారి కుమారుడు. కొన్నేళ్లలోనే ఖర్చు లెక్క వేశారు. బ్యాటరీలో ఒక పౌను జింకు కరిగితే జరిగే పనికన్నా, మంచి ఆవిరి యంత్రంలో ఒక పౌను బొగ్గు మండితే జరిగే పని ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. పైగా జింకు ధర బొగ్గు ధరను మించినది. ఆశ కూలింది. కానీ ఎంత ఇంధనానికి ఎంత పని అన్న ప్రశ్న జీవితాంతం ఆయనను వదల్లేదు.

తీగ ఎందుకు వేడెక్కుతుంది?

మోటారులో శక్తి ఎక్కడ వృథా అవుతోందో వెతుకుతూ జౌల్ తీగల వైపు చూశారు. విద్యుత్తు ప్రవహించే తీగ చుట్టను నీటిలో ఉంచి, నీరు ఎంత వేడెక్కిందో కొలిచారు. తీగలో పుట్టే వేడి దాని నిరోధానికి అనులోమానుపాతంలోనూ, విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలోనూ ఉంటుందని 1840 చివర్లో రాయల్ సొసైటీకి నివేదించారు. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు ఇంకా నిండలేదు. సొసైటీ ఆ వ్యాసం సారాంశాన్ని మాత్రమే అచ్చువేసింది. పూర్తి పాఠం మరుసటి ఏడాది వేరే పత్రికలో వెలువడింది.

ఈ సూత్రంలో కీలకం వర్గం అన్న మాటే. ప్రవాహం రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఇస్త్రీ పెట్టెలో, నీళ్లు కాచే ఇమ్మర్షన్ రాడ్‌లో ఈ వేడి ప్రయోజనకరం. విద్యుత్ కేంద్రం నుంచి ఊరికి వచ్చే తీగలలో అదే వేడి నష్టం. అందుకే సుదూర లైన్లలో వోల్టేజీని పెంచి ప్రవాహాన్ని తగ్గిస్తారు. ప్రవాహం పదో వంతుకు తగ్గితే అదే తీగలో నష్టం నూరో వంతుకు పడిపోతుంది. పొలాల మీదుగా సాగే ఎత్తైన టవర్ల వెనుక ఉన్నది ఈ లెక్కే.

వేడి ఒక పదార్థమా?

జౌల్ తర్వాతి అడుగు నాటి శాస్త్ర విశ్వాసానికి ఎదురుగా పడింది. వేడి అనేది బరువు లేని ఒక ద్రవమనీ, దాని పేరు కెలోరిక్ అనీ ఎక్కువమంది నమ్మేవారు. ఆ ద్రవం ఒక వస్తువు నుంచి మరో వస్తువుకు పారుతుంది తప్ప పుట్టదు, నశించదు. 1798లోనే కౌంట్ రమ్‌ఫర్డ్ ఫిరంగి గొట్టాలకు తొలిచే పని జరిగినంతసేపూ వేడి ఆగకుండా వస్తూనే ఉండటాన్ని చూపి, అది పదార్థం కాజాలదని వాదించారు. ఆ వాదన కొందరిని కదిలించినా, పాత నమ్మకం నిలిచే ఉంది. ఎంత పనికి ఎంత వేడి అన్న కచ్చితమైన సంఖ్య ఎవరి దగ్గరా లేదు.

తీగ వేడెక్కడాన్ని కెలోరిక్ వాదులు కూడా వివరించగలరు. బ్యాటరీలో ఉన్న వేడి ద్రవం తీగలోకి పారిందని అంటే సరిపోతుంది. అందుకే జౌల్ బ్యాటరీని తీసివేశారు. అయస్కాంత ధ్రువాల మధ్య తీగ చుట్టను తిప్పి, ఆ కదలికతోనే విద్యుత్తును పుట్టించారు. వేడి వేరేచోటి నుంచి పారి వచ్చేదైతే, విద్యుత్తు పుట్టిన చుట్ట చల్లబడాలి. అది కూడా వేడెక్కింది. అంటే వేడి పారి రాలేదు, అక్కడే పుట్టింది. ఆ చుట్టను పడే బరువులతో తిప్పి, ఎంత పనికి ఎంత వేడి వస్తుందో లెక్క తేల్చారు. ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడి చేయడానికి, 838 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తడానికి అయ్యేంత పని కావాలని 1843లో ఐర్లాండ్‌లోని కార్క్‌లో బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో ప్రకటించారు. శ్రోతల నుంచి చెప్పుకోదగ్గ స్పందన రాలేదు.

ఒక్క మార్గంలో వచ్చిన సంఖ్యను ఎవరూ నమ్మరని గ్రహించిన జౌల్ వేర్వేరు దారులు పట్టారు. సన్నని రంధ్రాల గుండా నీటిని బలవంతంగా నెట్టి, ఆ రాపిడికి పుట్టిన వేడిని కొలిస్తే 770 వచ్చింది. తర్వాత గాలి వంతు. రాగి పాత్రలోకి గాలిని 22 వాతావరణ పీడనాల వరకు కుక్కి, పుట్టిన వేడిని కొలిచారు. అలా కుక్కిన గాలిని బయటి వాతావరణంలోకి వదిలినప్పుడు, బయటి గాలిని నెట్టే పని చేయాల్సి రావడంతో అది చల్లబడింది. అదే గాలిని శూన్యంగా ఉన్న మరో పాత్రలోకి వదిలితే, నెట్టవలసినదేదీ లేదు కనుక మొత్తం మీద ఉష్ణోగ్రత మారలేదు. పని జరిగితేనే వేడి ఖర్చవుతుందని దీనికన్నా స్పష్టంగా చూపడం కష్టం. అయినా 1844లో ఈ వ్యాసాన్ని ప్రధాన పత్రికలో ప్రచురించడానికి రాయల్ సొసైటీ నిరాకరించింది.

తెడ్ల చక్రం

జౌల్ పేరు చెప్పగానే గుర్తొచ్చే ప్రయోగం 1845లో మొదలైంది. రాగి పాత్రలో నీరు, అందులో ఇత్తడి తెడ్ల చక్రం. నీరు చక్రంతోపాటే తిరిగిపోకుండా పాత్ర లోపల కదలని అడ్డు రెక్కలు. చక్రపు ఇరుసుకు చుట్టిన దారాలు గిలకల మీదుగా వెళ్లి, చివర సీసపు బరువులకు కట్టి ఉంటాయి. బరువులు దిగుతుంటే తెడ్లు నీటిని చిలుకుతాయి. కవ్వంతో మజ్జిగ చిలికినట్టే ఉండే ఈ పనిలో బరువు ఎంత, ఎంత ఎత్తు నుంచి దిగింది అన్నవి తెలుస్తాయి. కనుక జరిగిన పనీ తెలుస్తుంది.

కష్టమంతా వేడిని కొలవడంలోనే. 1849 నాటి ప్రయోగాలలో ఒక్కొక్కటి సుమారు 29 పౌన్ల బరువున్న రెండు సీసపు దిమ్మెలు 5 అడుగులకు పైగా ఎత్తు నుంచి 20 సార్లు దిగితే, నీటి ఉష్ణోగ్రత పెరిగినది ఫారన్‌హీట్‌లో అర డిగ్రీకి కాస్త ఎక్కువ. ఒక్కో ప్రయోగానికి అరగంటకు పైగా పట్టేది. ఆ సమయంలో గది గాలి నుంచి, మనిషి ఒంటి వేడి నుంచి వచ్చే మార్పునూ లెక్కగట్టి తీసివేయాలి. మాంచెస్టర్ పరికరాల నిపుణుడు జాన్ బెంజమిన్ డాన్సర్ సాయంతో తయారైన ఉష్ణమాపకాల మీద జౌల్ డిగ్రీలో 200వ వంతు తేడాను సైతం చదవగలిగేవారు. బీరు తయారీలో ఉష్ణోగ్రతను నిత్యం గమనించే కుటుంబ వాతావరణం ఆయన కంటికి ఈ నేర్పు ఇచ్చిందని చరిత్రకారులు భావిస్తారు. ఇతర శాస్త్రవేత్తలు ఆయన ఫలితాలను వెంటనే నమ్మలేకపోవడానికి కూడా ఇంత చిన్న తేడాలే కారణం.

పై నుంచి పడే నీరు కూడా ఇదే రీతిలో వేడెక్కాలని జౌల్ ఊహించారు. నయాగరా జలపాతం అడుగున నీరు పైనున్న నీటికన్నా డిగ్రీలో ఐదో వంతు వెచ్చగా ఉండాలని లెక్కవేశారు. అదే లెక్కన 253 మీటర్ల ఎత్తున్న కర్ణాటకలోని జోగ్ జలపాతంలో ఆవిరి వల్ల, గాలి వల్ల మార్పు లేకపోతే తేడా అర సెల్సియస్ డిగ్రీకి పైగా ఉంటుంది.

ఆక్స్‌ఫర్డ్‌లో ఒక శ్రోత

1847 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో జౌల్ మళ్లీ తన ఫలితాలు వినిపించేందుకు లేచారు. వ్యాసం చదవవద్దనీ, క్లుప్తంగా చెప్పి ముగించమనీ అధ్యక్షుడు సూచించారు. అదీ చర్చ లేకుండా ముగిసిపోయేదే. కానీ శ్రోతలలో విలియం థామ్సన్ ఉన్నారు. తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన ఆయనకు అప్పుడు 23 ఏళ్లు కూడా నిండలేదు. జౌల్ చెప్పినది తప్పనే తొలుత అనుకున్న థామ్సన్ వింటున్నకొద్దీ దాన్ని కొట్టిపారేయలేకపోయారు. ఆయన వ్యాఖ్యలతో సభ దృష్టి ఆ ప్రయోగాల మీదకు మళ్లింది.

థామ్సన్ సంశయం అకారణం కాదు. ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో 1824లో ఆవిరి యంత్రాన్ని నీటి చక్రంతో పోల్చారు. నీరు పై నుంచి కిందికి పడినట్టు వేడి అధిక ఉష్ణోగ్రత నుంచి అల్ప ఉష్ణోగ్రతకు దిగుతూ పని చేస్తుంది. ఆ దారిలో వేడి ఏమాత్రం తరగదు. జౌల్ లెక్కలో మాత్రం జరిగిన పని మేరకు వేడి తరగాలి. ఇద్దరిలో ఎవరిని వదులుకోవాలన్నదే థామ్సన్‌కు చిక్కుముడి. 1850లో జర్మనీలో క్లాసియస్, 1851లో థామ్సన్ దీన్ని విప్పారు. యంత్రం తీసుకున్న వేడిలో కొంత పనిగా మారుతుంది, మిగిలినది చల్లని వైపు దిగిపోతుంది. ఇద్దరి మాటల్లోని నిజాన్నీ నిలిపిన ఆ పరిష్కారం నుంచే ఉష్ణగతిక శాస్త్రపు మొదటి, రెండవ నియమాలు రూపుదిద్దుకున్నాయి.

1847 ఆగస్టులో జౌల్ అమేలియా గ్రైమ్స్‌ను వివాహమాడారు. ఆ దంపతులు ఆల్ప్స్ యాత్రలో ఉండగా థామ్సన్ అనుకోకుండా ఎదురయ్యారు. జలపాతం వద్ద నీటి ఉష్ణోగ్రత కొలిచే యత్నం కూడా జరిగిందనీ, తుంపర్ల వల్ల కుదరలేదనీ థామ్సన్ చాలాకాలం తర్వాత గుర్తుచేసుకున్నారు. ఇద్దరూ కలిసి 1852 నుంచి దశాబ్దం పాటు పనిచేశారు. సన్నని రంధ్రాలున్న అడ్డు గుండా అధిక పీడనం నుంచి అల్ప పీడనానికి వెళ్లే వాయువు సాధారణంగా కొద్దిగా చల్లబడుతుందని కనుగొన్నారు. జౌల్-థామ్సన్ ప్రభావంగా పేరొందిన ఈ సూత్రం ఆధారంగానే 1895లో కార్ల్ ఫాన్ లిండే గాలిని భారీ పరిమాణంలో ద్రవంగా మార్చారు.

గుర్తింపు, వివాదం

1849లో జౌల్ సమగ్ర వ్యాసాన్ని మైకేల్ ఫారడే రాయల్ సొసైటీకి సమర్పించారు. నీరు, పాదరసం, పోత ఇనుము అనే మూడింటినీ రాపిడికి గురిచేసినా సంఖ్య 772, 775 మధ్యే నిలిచింది. జౌల్ 772ను ఖాయం చేశారు. వ్యాసం అచ్చయింది. కానీ యాంత్రిక శక్తి వేడిగా మారడమే రాపిడి అన్న చివరి నిర్ధారణను పరిశీలక సంఘం కోరిక మేరకు తొలగించాల్సి వచ్చింది. సొసైటీ సంఖ్యను అంగీకరించినా, దాని అర్థాన్ని ఇంకా అంగీకరించలేదన్నమాట. అయినా 1850లో ఆయనను సభ్యుడిగా ఎన్నుకున్నది. 1870లో కోప్లీ పతకం ఇచ్చింది.

అర్థం కుదరకపోవడానికి భాష కూడా ఒక కారణం. తెలుగు పాఠ్యపుస్తకాలు నేడు బలం, శక్తి, సామర్థ్యం అన్న మూడు మాటలను మూడు వేర్వేరు రాశులకు కేటాయించాయి. నాటి యూరప్ శాస్త్ర భాషలో ఆ హద్దులు లేవు. శక్తి నిత్యత్వాన్ని గణితంగా నిరూపించిన హెల్మ్‌హోల్ట్జ్ 1847 గ్రంథం పేరులోనూ బలం అన్న మాటే ఉంది. మాటలు స్థిరపడకముందే జౌల్ సంఖ్యను స్థిరపరిచారు.

ఈ కీర్తికి మరో హక్కుదారు ఉన్నారు. డచ్చి ఓడలో వైద్యుడిగా జావాకు వెళ్లిన జర్మన్ రాబర్ట్ మేయర్, ఉష్ణమండలంలో నావికుల సిరల రక్తం మరింత ఎర్రగా ఉండటం గమనించి, శరీరపు వేడికీ పనికీ సంబంధం ఉందన్న ఆలోచనకు వచ్చారు. 1842లోనే తుల్యాంకాన్ని అంచనా వేశారు. 1860వ దశకంలో జాన్ టిండాల్ మేయర్ పక్షం వహించడంతో బ్రిటన్‌లో వివాదం రేగింది. ఆలోచన మేయర్‌కు ముందు తట్టిందనీ, ప్రయోగంతో రుజువు చేసినది జౌల్ అనీ చరిత్ర ఇద్దరికీ చోటిచ్చింది.

జౌల్ వ్యక్తిగత జీవితంలో చీకటి ముందే కమ్ముకుంది. 1854లో భార్య, పుట్టిన కొద్దికాలానికే ఒక బిడ్డ మరణించారు. మిగిలిన ఇద్దరు పిల్లలతో ఆయన ఏకాంతంగా బతికారు. కుటుంబపు బీరు వ్యాపారం కూడా ఆ కాలంలోనే చేయి మారింది. సొంత సొమ్ముతో ప్రయోగాలు చేసిన ఆయన వృద్ధాప్యంలో ఆర్థిక ఇబ్బందుల పాలయ్యారు. 1878లో ప్రభుత్వం ఏటా 200 పౌన్ల పింఛను మంజూరు చేసింది.

ఆ దశలోనూ కొలత ఆగలేదు. 1867లో విద్యుత్తుతో తుల్యాంకాన్ని కొలిస్తే సుమారు 783 వచ్చింది. అది తెడ్ల చక్రం ఇచ్చిన సంఖ్యకన్నా ఒక శాతానికి పైగా ఎక్కువ. తప్పు ఏ లెక్కలో ఉందో తేల్చేందుకు జౌల్ తెడ్ల ప్రయోగాన్ని మరింత జాగ్రత్తగా మళ్లీ చేసి 1878లో 772.55గా ప్రకటించారు. బ్రిటిష్ అసోసియేషన్ వాడుతున్న విద్యుత్ నిరోధ ప్రమాణంలోనే ఒక శాతానికి పైగా దోషం ఉందని తర్వాత తేలింది. నేటి విలువ సుమారు 778. ఆయన సంఖ్యకూ దీనికీ మధ్య తేడా ఒక శాతం కూడా లేదు.

1889 అక్టోబర్ 11న సేల్ పట్టణంలో జౌల్ కన్నుమూశారు. బ్రూక్‌లాండ్స్ శ్మశానవాటికలోని సమాధి రాయిపై 772.55 అన్న అంకెలు చెక్కారు. అదే ఏడాది పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ శక్తి ప్రమాణానికి జౌల్ అని పేరు పెట్టింది. వేడిని కూడా ఆ ప్రమాణంలోనే కొలవాలని తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 1948లో నిర్ణయించింది. ఒక కిలో నీటిని ఒక సెల్సియస్ డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4,186 జౌళ్లు కావాలి. అంత శక్తితో అదే కిలో నీటిని సుమారు 427 మీటర్ల ఎత్తుకు చేర్చవచ్చు. ఆ మారకపు లెక్క కుదిరాక, పనికీ వేడికీ వేర్వేరు ఖాతాలు నడపవలసిన అవసరం తీరిపోయింది.