మంత్రిగా పన్ను తగ్గించారు.. ఆ పన్ను కేసులోనే ఇరుక్కున్నారు

అమెరికా కుబేరుల్లో ఒకరైన బ్యాంకర్ ఆండ్రూ మెలన్ 1855లో పిట్స్‌బర్గ్‌లో పుట్టారు. 1921 నుంచి 1932 వరకు ముగ్గురు రిపబ్లికన్ అధ్యక్షుల దగ్గర ఆర్థిక మంత్రిగా చేశారు. 73 శాతం ఉన్న గరిష్ఠ ఆదాయపన్నును 25కి తగ్గించేలా పట్టుబట్టి సాధించారు.

1929లో మార్కెట్ కుప్పకూలింది. జనం కోపం ఆయన మీదికి మళ్లింది. డెమొక్రాట్ రూజ్‌వెల్ట్ గద్దెనెక్కాక ఆయనపై పన్ను ఎగవేత ఆరోపణ వచ్చింది. 1934లో గ్రాండ్ జ్యూరీ కాదన్నా ప్రభుత్వం వదల్లేదు. వివాదం పన్ను అప్పీళ్ల బోర్డుకెళ్లింది.

తీర్పు రాకముందే మెలన్ తన విలువైన చిత్రాలను దేశానికి ఇచ్చేశారు. 1937 ఆగస్టులో చనిపోయారు. కొంత బాకీ ఉన్నా మోసం చేయలేదని డిసెంబరులో బోర్డు తేల్చింది. ఆయన సొమ్ముతో వాషింగ్టన్‌లో కట్టిన నేషనల్ గ్యాలరీని 1941లో జాతి తరఫున అందుకున్నది రూజ్‌వెల్టే.