ఇమామ్ గజాలీ వేసుకున్న మూడు ఒట్లు

బాగ్దాద్ నిజామియా మదరసాలో ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) దగ్గర 300 మంది చదువుకునేవారు. 1091లో ఆయన్ని అక్కడ నియమించింది వజీర్ నిజాముల్ ముల్క్. పాఠాలు, దర్బారు, పండితులతో వాదనలు... తీరికే లేదు. 1095లో పాఠం చెప్పబోతే నోరు పెగల్లేదు. ముద్ద దిగలేదు. హకీములు చేతులెత్తేశారు.

ఉద్యోగం వదిలేశారు. ఆస్తి పంచేశారు, కానీ పిల్లల పోషణకు సరిపడా ఉంచుకునే. ఈ మాట చాలామంది చెప్పరు. మక్కా వెళ్తున్నానని చెప్పి సిరియా దారి పట్టారు, నిజం చెబితే పోనివ్వరని. డమాస్కస్ పెద్ద మసీదు మినార్ ఎక్కి, తలుపు వేసుకుని పగలంతా ఒంటరిగా ఉండేవారు.

తర్వాత అల్ ఖలీల్‌లో ఇబ్రాహీం అలైహిస్సలాం సమాధి దగ్గర మూడు ఒట్లు వేసుకున్నారు: పాలకుల గడప తొక్కను, వాళ్ల డబ్బు ముట్టను, జనం ముందు వాదనకు దిగను. ఇహ్యా ఉలూమిద్దీన్ ఆ ఏళ్లలో రాసిందే.

పిల్లలు పిలిస్తే మాత్రం ఇంటికొచ్చారు. ఇంటి పనులతో ఏకాంతం చెదిరేదట, అయినా మళ్లీ మళ్లీ వెతుక్కునేవారు. 1106లో పాలకుల ఒత్తిడితో నిషాపూర్ నిజామియాలో పాఠాలు మొదలెట్టారు. ఒట్టు తప్పారా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. నాకైతే అది ఆయనకూ తేలిగ్గా తెగిన విషయం కాదనిపిస్తుంది. చివరికి సొంతూరు తూస్‌కే వెళ్లిపోయి, 1111లో అక్కడే కన్నుమూశారు.